ఇంగ్లీషు ఇడియమ్స్ ఎక్కడ వాడాలి? వేళాకోళానికి వరస ఉండాలి తమ్ముడూ

ముందు నువ్వు అడిగింది నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, మిగతావాళ్ళకీ అర్థం కావాలి కదా. విజయనగరంలో ఇంటి నుంచే ఉద్యోగం, మేనేజర్ ఇంగ్లండాయన, క్లయింట్లు అమెరికావాళ్ళు. కాల్స్‌లో వాళ్ళు జోకులు వేసుకుంటుంటే బెల్లం కొట్టిన రాయిలా కూర్చోవాల్సి వస్తోందని యాప్‌లో 500 ఇడియమ్స్ బట్టీ పట్టావు. క్లయింట్ వైపు ఒకావిడ వారం సెలవు తరవాత వచ్చి వాళ్ళ నాన్నగారు పోయారని చెబితే, గ్రూప్ చాట్‌లో "సారీ టు హియర్ యువర్ ఫాదర్ కిక్డ్ ద బకెట్" అని పెట్టావు. అంతే, చాట్ చల్లబడిపోయింది. ఇప్పుడు ఇడియమ్స్ వాడాలా మానెయ్యాలా, వాడితే ఏది ఎక్కడ, ఆవిడకి ఏం చెప్పాలి అని అడుగుతున్నావు.

చివరిది ముందు. ఈ పూటే ఆవిడకి విడిగా రాయి, గ్రూప్‌లో కాదు. "ఐ యూజ్డ్ ఎ వెరీ రాంగ్ ఫ్రేజ్ అండ్ ఐ డిడ్ నాట్ నో హౌ ఇట్ సౌండ్స్. ఐ యామ్ ట్రూలీ సారీ ఫర్ యువర్ లాస్." అక్కడితో ఆపు. నేను తెలుగు మీడియం, యాప్‌లో అలాగే ఉంది అని పురాణం విప్పకు, నవ్వు బొమ్మలు పెట్టకు. నువ్వు కావాలని అనలేదని ఆవిడకి ఈపాటికే తెలిసి ఉంటుంది, కానీ ఆ మాట నీ నుంచి రావాలి.

ఇప్పుడు అసలు తప్పు ఎక్కడ జరిగిందో చూద్దాం. ఆ ఇడియమ్ అర్థం నీకు తెలుసు. చనిపోవడం. యాప్ అబద్ధం చెప్పలేదు, కానీ సగమే చెప్పింది. మనకి తెలుగులో కూడా ఇదే మాట ఉంది చూడు, బాల్చీ తన్నేశాడు. ఇంకా టపా కట్టేశాడు, గుటుక్కుమన్నాడు, పోయారు, కాలం చేశారు, స్వర్గస్తులయ్యారు. అన్నీ ఒక్క చావు గురించే. మరి మీ వీధిలో ఎవరింట్లోనో పెద్దాయన పోతే పరామర్శకి వెళ్ళి, "మీ నాన్నగారు టపా కట్టేశారటండీ" అంటావా? అనవు. ఎందుకు అనకూడదో నీకు ఎవరూ క్లాసు పీకలేదు, చిన్నప్పటి నుంచి విని విని పట్టుకున్నావు. ఇంగ్లీషులోనూ అంతే, పాస్డ్ అవే అంటే పోయారు, డైడ్ అంటే చనిపోయారు, కిక్డ్ ద బకెట్ అంటే టపా కట్టేశారు. బ్రిటిష్ వాళ్ళకి పాప్డ్ హిజ్ క్లాగ్స్ అని ఇంకోటుంది, అమెరికా వాళ్ళకి బాట్ ద ఫార్మ్ అని. అన్నీ టపా బాపతే. ఈ బకెట్ మాట కొత్తదేమీ కాదు, 1785లో లండన్‌లో అచ్చయిన ఒక వాడుక మాటల నిఘంటువులోనే ఉంది. అది బజారు మాటలు ఏరి పెట్టిన నిఘంటువు.

అదే మాట వస్తువుల మీద వాడితే ఎవరికీ అభ్యంతరం లేదు. మా మిక్సీ టపా కట్టేసింది అంటాం, నవ్వుకుంటాం. "మై ఓల్డ్ ల్యాప్‌టాప్ ఫైనల్లీ కిక్డ్ ద బకెట్" అంటే వాళ్ళూ అలాగే నవ్వుతారు. మాటలో తేడా లేదు, ఎవరి మీద పడింది అన్నదే తేడా.

నా సంగతి చెబితే నీకు కాస్త ధైర్యం వస్తుంది. శ్రీకాకుళంలో స్పోకెన్ ఇంగ్లీషు చెప్పడం మొదలెట్టక ముందు హైదరాబాద్‌లో ఒక కాల్ సెంటర్‌లో నాలుగేళ్ళు రాత్రి డ్యూటీలు చేశాను. పేరెందుకులే. చేరిన రెండో నెలలో అమెరికా నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేసింది. అకౌంట్ మీద పేరు మార్చాలట. ఎందుకు మేడమ్ అని అడిగాను. "మై హస్బెండ్ పాస్డ్ లాస్ట్ వీక్" అంది. నాకు పాస్ అంటే ఒకటే తెలుసు, పదో తరగతి పాస్, ఇంటర్ పాస్. ట్రైనింగ్‌లో కస్టమర్ మంచి వార్త చెబితే గొంతులో హుషారు కనపడాలన్నారు కదా, ఎక్కడ లేని హుషారు తెచ్చుకుని "కంగ్రాచులేషన్స్ మేడమ్!" అన్నాను. అటు వైపు చప్పుడు లేదు. లైన్ కట్ అయిందేమో అని హలో హలో అంటుంటే, చాలా మెల్లగా, "నో హనీ, హి డైడ్" అంది. హెడ్‌సెట్ తీసి పడేసి ఇంటికి పారిపోదామనిపించింది. ఆ రికార్డింగ్ కొత్త బ్యాచ్‌లకి వినిపించి నవ్వించేవారు, నేను పక్క గదిలోనే ఉండగా. కాబట్టి నువ్వొక్కడివే కాదు.

నేను క్లాసులో మొదటి రోజు చెప్పే మాట ఒకటే, వేళాకోళానికి వరస ఉండాలి. మన ఇళ్ళల్లో ఇది పుట్టుకతో వచ్చే తెలివి. బావని ఏమైనా అనొచ్చు, బావమరిదిని ఇంకో రెండు ఎక్కువ అనొచ్చు. పెళ్ళి బంతిలో వియ్యాలవారి మీద పాట కట్టి పాడితే వాళ్ళు నవ్వుకుంటూ ఇంకో అప్పడం వేయించుకుంటారు. అదే పాట మావగారి ముఖం మీద పాడి చూడు. మాట మారలేదు, రాగం మారలేదు, వరస మారింది. ఇంగ్లీషులో నవ్వించే ఇడియమ్ అంటే వేళాకోళమే, అందుకే దాని అర్థం కంటే ముందు వరస చూసుకోవాలి. ఆఫీసులో మరి ఎవరు ఏ వరస? నీతో రోజూ పని చేస్తూ, నీ తప్పులు సరిదిద్దుతూ, నీ చేత సరిదిద్దించుకునేవాడు బావమరిది లెక్క. మేనేజర్ మావగారు, ముందు ఆయనే జోకేస్తే నువ్వు ఇకిలించొచ్చు గానీ నువ్వు మొదలెట్టకు. క్లయింట్ కొత్త వియ్యంకుడు. కట్నకానుకలు తేలేదాకా, అంటే కాంట్రాక్ట్ సంతకాలు అయ్యేదాకా, అతి మర్యాదే మంచిది.

వరస ఇంకా తేలని చోట ఏం చెయ్యాలి? జోకు నీ మీద నువ్వే వేసుకో. ఇది ఎక్కడైనా చెల్లుతుంది. "ఐ యామ్ ఆల్ థంబ్స్ టుడే", అంటే చేతివేళ్ళన్నీ బొటనవేళ్ళే అయ్యాయి, ఏది పట్టుకున్నా జారిపోతోందని. "ఐ హావ్ టూ లెఫ్ట్ ఫీట్", నాకు రెండూ ఎడమ కాళ్ళే, డాన్సు రాదని. "మై బ్రెయిన్ ఈజ్ ఫ్రైడ్", బుర్ర వేగిపోయిందని. ఇవి అన్నందుకు ఎవరూ నొచ్చుకోరు, పైగా కుర్రాడు కలివిడిగా ఉన్నాడంటారు. ఇవే ఎదుటివాడి మీదకి తిప్పితే కథ వేరు. "నాట్ ద షార్పెస్ట్ టూల్ ఇన్ ద షెడ్" అని ఒకటుంది, మంద బుద్ధి అని చెప్పడానికి. వినడానికి ముద్దుగా ఉంటుంది కానీ ఒక మనిషి మీద, అదీ చాట్‌లో రాసి పెట్టావంటే అది స్క్రీన్‌షాట్ అయి ఎక్కడెక్కడో తిరిగి హెచ్ఆర్ దగ్గర తేలుతుంది. "నాట్ మై సర్కస్, నాట్ మై మంకీస్" అని పోలిష్ భాష నుంచి వచ్చిన సామెత ఇంకోటి, నాకు సంబంధం లేని గొడవ అని అర్థం. స్నేహితుల మధ్య మహా బాగుంటుంది. టీమ్ మీటింగులో అంటే పని ఎగ్గొడుతున్నట్టు, పైగా అక్కడ నల్లజాతివాళ్ళు ఉంటే కోతి అన్న మాట ఎలా తగులుతుందో ఆలోచించు, ఆ మాటతో వాళ్ళని అవమానించిన చరిత్ర పెద్దదే ఉంది. దాని జోలికి పోకు.

సందర్భం ఇంకో మెలిక. "బ్రేక్ ఎ లెగ్" అంటే ఆల్ ద బెస్ట్ అని యాప్‌లో ఉంటుంది. అది నాటకాల వాళ్ళ మాట, స్టేజీ ఎక్కబోయేవాడితో అనేది. ప్రెజెంటేషన్ ఇవ్వబోయే కొలీగ్‌తో అనొచ్చు. కానీ మన పైడితల్లమ్మ పండగలో సిరిమాను చివర, 60 అడుగుల మాను కొసన కూర్చుని కోట దాకా ఊరేగబోయే పూజారి గారికి బ్రేక్ ఎ లెగ్ అని చెప్పగలవా? నిజంగా కాలు విరిగే అవకాశం ఉన్న చోట ఆ మాట అనకూడదు. మోకాలి ఆపరేషన్‌కి వెళ్తున్న మేనేజర్‌కి ఇదే మెసేజ్ పెట్టిన మహానుభావుడొకడు నా దగ్గరే చదువుకున్నాడు.

దీనికంటే పెద్ద దెబ్బ ఇంకోటి ఉంది. దాని గురించి యాప్‌లు ఒక్క ముక్క చెప్పవు. నవ్వించే ఇడియమ్ విషయాన్ని తేలిక చేసేస్తుంది, అది దాని పనే. నీకు విషయం బరువుగా అవతలివాడికి చేరాల్సినప్పుడు అదే నీ కొంప ముంచుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది, గుర్తుండే ఉంటుంది. ఉద్దానంలో కొబ్బరి తోటలు, జీడి తోటలు నేలకొరిగిపోయాయి, ఊళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు. నా పాత స్టూడెంట్ ఒకడు అప్పుడు ఊరు వచ్చి ఉన్నాడు. ఫోన్ చార్జింగ్ లేదు, సిగ్నల్ లేదు, ఇంటి పైకప్పు రేకులు ఎగిరిపోయాయి. నాలుగో రోజున ఎలాగో శ్రీకాకుళం చేరి క్లయింట్‌కి మెయిల్ పెట్టాడు, "సారీ ఫర్ ద డిలే, ఇట్ వాజ్ రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్ ఇన్ మై విలేజ్" అని. జవాబు ఏమొచ్చిందో తెలుసా? "హా హా, హోప్ యు హాడ్ యాన్ అంబ్రెల్లా! వెన్ కెన్ వి ఎక్స్‌పెక్ట్ ద ఫైల్?" వాడు నా దగ్గరికి వచ్చి, "ఏటి సార్, వీళ్ళు మనుషులేనా" అని ఏడ్చినంత పని చేశాడు. వాళ్ళ తప్పేముంది? వాడు రాసింది చదివితే ఏదో జోరు వాన పడింది, అబ్బాయి బద్ధకించాడు అనే అనిపిస్తుంది. "ఎ సైక్లోన్ హిట్ మై విలేజ్. అవర్ హౌస్ ఈజ్ డ్యామేజ్డ్, దేర్ ఈజ్ నో పవర్" అని మూడు పొడి మాటలు రాసి ఉంటే వాళ్ళే కంగారు పడి ఫోన్ చేసేవారు. తరవాత మేం ఇద్దరం కూర్చుని అదే రాశాం, అప్పుడు చేశారు కూడా.

అన్నట్టు ఆ క్యాట్స్ అండ్ డాగ్స్ సంగతి. మన స్కూలు పుస్తకాల్లో ఇంకా ఏలుతోంది గానీ అది పాత చింతకాయ పచ్చడి. అరిగిపోయిన మాటలతో కబుర్లాడేవాళ్ళని వెక్కిరిస్తూ 1738లో అచ్చయిన ఒక రచనలోనే కనిపిస్తుంది. ఇప్పుడు బ్రిటిష్ వాళ్ళు "ఇట్స్ బకెటింగ్ డౌన్" అంటారు, మన కుండపోతకి సరిగ్గా సరిపోతుంది. మామూలుగా అయితే "ఇట్స్ పోరింగ్" చాలు.

దేశం తేడా కూడా చూసుకో, నీ టీమ్‌లో రెండు దేశాల వాళ్ళూ ఉన్నారు కాబట్టి. మీ మేనేజర్ ఏదైనా పని ఎలా చెయ్యాలో చెప్పి చివర "అండ్ బాబ్స్ యువర్ అంకుల్" అంటే కంగారు పడకు. అలా చేస్తే అయిపోయినట్టే అని అర్థం. నా క్లాసులో ఒకమ్మాయి ఇంటర్వ్యూలో ఈ మాట విని, "నో సర్, మై అంకుల్ నేమ్ ఈజ్ డిఫరెంట్" అని చెప్పి వచ్చింది, ఉద్యోగం కూడా వచ్చింది అనుకో. 1887లో రాబర్ట్ అనే ప్రధానమంత్రి తన మేనల్లుడికి పెద్ద పదవి ఇచ్చాడు, రాబర్ట్‌ని ముద్దుగా బాబ్ అంటారు, మావయ్య ఉంటే పని అయిపోయినట్టే అని అక్కణ్ణించి పుట్టిందని ఒక కథ చెబుతారు. పదవి ఇచ్చిన మాట నిజమే. కానీ ఈ నానుడి అచ్చులో కనపడేది 1920ల్లో గానీ కాదు, కాబట్టి కథని కథలాగే విను. అమెరికావాళ్ళలో చాలామందికి ఇది తలకెక్కదు. అలాగే క్రికెట్ మాటలు. స్టికీ విక్కెట్ అంటే ఇరకాటం, హిట్ ఫర్ సిక్స్ అంటే దిమ్మతిరిగే దెబ్బ, ఇవి నీకు పుట్టుకతో వచ్చినవే, మేనేజర్ దగ్గర హాయిగా వాడుకో. అమెరికావాళ్ళ దగ్గర అవి చెల్లవు, వాళ్ళవన్నీ బేస్‌బాల్ మాటలు, బాల్‌పార్క్ ఫిగర్ అంటే ఉజ్జాయింపు లెక్క, కర్వ్‌బాల్ అంటే ఊహించని మెలిక. అర్థం చేసుకోవడానికి రెండు రకాలూ నేర్చుకో. వాడటం తరవాత.

నిజానికి వాడటం కంటే అర్థం కావడమే వంద రెట్లు ముఖ్యం. ఇంగ్లండ్‌లో నర్సుగా చేరిన మా అమ్మాయి ఒకత్తె, మా అమ్మాయి అంటే నా స్టూడెంట్, మొదటి వారం వార్డులో ఒక ముసలావిడ "ఐ నీడ్ టు స్పెండ్ ఎ పెన్నీ, లవ్" అంటే, షాపు మూసేసి ఉంటుంది, పొద్దున్న కొని తెస్తాను అని చెప్పిందట. పాపం ఆవిడ బాత్‌రూమ్‌కి వెళ్ళాలంటోంది. పూర్వం అక్కడ పబ్లిక్ టాయిలెట్ తలుపుకి పెన్నీ వేస్తేనే గడియ వచ్చేది, ఆ మాట అలా ఉండిపోయింది. పక్క నర్సు పరుగెత్తుకొచ్చింది కాబట్టి సరిపోయింది. ఈ మాట ఆ పిల్ల తన నోటితో ఎప్పుడూ అననక్కర్లేదు, కానీ చెవికి తెలిసి ఉండాలి.

ఓడల్లో పనిచేసే మన సోంపేట, కవిటి కుర్రాళ్ళకి ఇంకో రకంగా చెబుతాను. మెస్‌లో ఎన్ని జోకులైనా వేసుకోండి, తాగి తూలేవాణ్ణి చూసి "త్రీ షీట్స్ టు ద విండ్" అనుకోండి, అది పుట్టిందే ఓడల్లో, షీట్ అంటే తెరచాప తాడు. రేడియో పట్టుకున్నాక మాత్రం అవేవీ కుదరవు. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ప్రామాణిక వాక్యాల చిట్టానే ఆమోదించింది, రకరకాల దేశాలవాళ్ళు ఒకరి మాట ఒకరికి అపార్థం కాకూడదని. ఒకే మనిషి, ఒకే ఓడ, రెండు గదుల్లో రెండు ఇంగ్లీషులు.

ఇంకో చిక్కు, ఇడియమ్‌లో ఒక్క ముక్క మారినా అది చచ్చిపోతుంది. కొంప మునిగింది అంటే ఒక అర్థం, ఇల్లు మునిగింది అంటే నాగావళికి వరదొచ్చిందని అర్థం. వాళ్ళకీ అంతే. పీస్ ఆఫ్ కేక్ అంటే సులువైన పని, కేక్ పీస్ అంటే ఎవరిదో పుట్టినరోజు. నూటికి నూరు పాళ్ళు గుర్తు లేకపోతే "ఇట్స్ ఈజీ" అను, నీ పరువేం పోదు.

ఐఈఎల్‌టీఎస్, అంటే విదేశాలకి వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్ష, అది రాసేవాళ్ళు కూడా ఇది చదువుతారని ఒక మాట. స్పీకింగ్‌లో బ్యాండ్ 7కి కొంత ఇడియమాటిక్ వొకాబ్యులరీ ఉండాలని వాళ్ళ కొలమానంలో ఉన్న మాట నిజమే. దాన్ని పట్టుకుని కోచింగుల్లో ప్రతి జవాబులోనూ ఎప్పుడో గానీ అనడానికి ఒక వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్, పట్టరాని సంతోషం అనడానికి ఒక ఓవర్ ద మూన్ కుక్కిస్తున్నారు. అక్కడ ఇడియమాటిక్ అంటే ఆ భాషవాళ్ళు సహజంగా కలిపి అనే మాటలు అని, సామెతల దండ అని కాదు. వరసగా రెండు చందమామలు వినేసరికి బట్టీ అని ఎగ్జామినర్‌కి తెలిసిపోతుంది. మన ఊరివాళ్ళకి చెప్పేదేముంది, గిరీశం పుట్టిన గడ్డ ఇది, డాబు ఇంగ్లీషుని ఆమడ దూరం నుంచి పసిగట్టేస్తాం. ఎదుటివాడిది మాత్రమే.

నీకు నవ్వించాలనే ఉంటే ఒక చిట్కా, నా స్టూడెంట్లకి బాగా పనిచేసింది. వాళ్ళ ఇడియమ్ వాళ్ళ మీద ప్రయోగించే బదులు మనది తీసుకెళ్ళి పెట్టు. ఒకసారి రిలీజ్ ఆగిపోయి అందరూ సాఫ్ట్‌వేర్ టూల్‌ని తిడుతుంటే మనవాడొకడు, "ఇన్ మై లాంగ్వేజ్ వి సే, ద వన్ హూ కాంట్ డాన్స్ సేస్ ద డ్రమ్ ఈజ్ క్రాక్డ్" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు, అంతే. కాల్‌లో నవ్వులే నవ్వులు, తరవాత ఆ టీమ్‌లో ఏ పని చెడినా "ఈజ్ ఇట్ ద డ్రమ్?" అని అడగడం మొదలెట్టారట. ఇందులో నువ్వు తప్పు చేసే వీలు లేదు, ఎందుకంటే ఆ సామెత ఎక్కడ చెల్లుతుందో నీకు వాళ్ళకంటే బాగా తెలుసు. తల తినకు అనేదాన్ని డోంట్ ఈట్ మై హెడ్ అని మాత్రం పెట్టకు, ఇన్ మై లాంగ్వేజ్ అన్న ముక్క ముందు లేకపోతే వాళ్ళు నిజంగానే బెదురుతారు.

ఇక నువ్వు చెయ్యాల్సింది. ఆ యాప్ తీసెయ్, లేదా చదువుకోవడానికి మాత్రం ఉంచు. ఒక కాగితం దగ్గర పెట్టుకుని కాల్స్‌లో వాళ్ళు వాడే మాటలు రాసుకో, ఎవరు ఎవరితో అన్నారు, అవతలివాళ్ళు నవ్వారా లేదా, అది కూడా పక్కన రాయి. ఒక మాట ముగ్గురి నోట విన్నాకే నీ నోట రావాలి. వచ్చినప్పుడు కూడా ఆగి, ఊపిరి పీల్చి, నవ్వు మొహం పెట్టి అనకు, మామూలు మాటలో కలిపేసి దాటిపో. నెలకి రెండు పడితే చాలా ఎక్కువ. మొదట ఆ ఆల్ థంబ్స్‌తో మొదలెట్టు, తరవాత టీమ్ అంతా తలో దిక్కూ పోతున్న రోజున "ఇట్స్ లైక్ హెర్డింగ్ క్యాట్స్" అను, పిల్లుల మందని తోలినట్టుంది అని. అందులో నువ్వూ ఒక పిల్లివే కాబట్టి ఎవరికీ కోపం రాదు.

బకెట్ మాట మాత్రం ఆ టీమ్‌లో ఇంకెప్పుడూ ఎత్తకు. నీ ల్యాప్‌టాప్ నిజంగా టపా కట్టేసినా సరే, డైడ్ అనే రాయి.